తాడు పట్టేవాడి భయం

మా మామకు భయం పోయిన రోజు మా అడవి గూడెం, మా పెంట అంతా నవ్వింది. అంతకుముందు ఆయన్ని చూసి నవ్వేవాళ్ళు. ఆ రోజు ఆయనతో కలిసి నవ్వారు. తేడా అంతే. ఆ తేడా కోసమే ఆయన ముక్కులో చుక్కలు వేయించుకున్నాడు.

మామ పేరు ఈదన్న. మా అమ్మ అంకమ్మకు ఒక్కడే తమ్ముడు. నల్లమలలో మా ఇప్పచెలమ పెంటలో అంత పిరికివాడు పుట్టలేదని అందరూ అనేవాళ్ళు. పొద్దు గూకితే గుడిసె వదలడు. ఆకుల్లో ఉడుము కదిలినా చెట్టెక్కి కూర్చుంటాడు. ఎలుగుబంటి అడుగు కనిపించిందంటే ఆ ఎండాకాలం మొత్తం ఆ దారిన పోడు. పెంటకు పెద్దయిన మంతన్న తాత ఆయన్ని "ఓ కుందేలూ" అనే పిలిచేవాడు. మామ పలికేవాడు కూడా.

అలాంటి మనిషికి తేనె కాలంలో మాత్రం ఎక్కడలేని గౌరవం వచ్చేది.

మా నాయన చెవులయ్య పెరతేనె తీస్తాడు. డేగగట్టు అనే కొండచరియకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. కింద లోయ. పైనుంచి తాడు మీద దిగి, ఆకుల పొగతో ఈగల్ని లేపి, పట్టు కోసి బుట్టలో వేసుకోవాలి. పైన తాడు పట్టేవాడు దిగేవాడి బామ్మర్ది అయి ఉండాలి. సొంత అన్నదమ్ములకు కూడా ఆ తాడు ఇవ్వరు. ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే అమ్మ, "మనకు అంతే" అంది. మామను చూశాక నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తేనె తీసే రోజు పొద్దున అమ్మ తాడు తెచ్చి మామ చేతుల్లో పెట్టి, తన మెడలో పెళ్ళిపూసలు తాకి, "ఇవి నీ చేతిలో పెట్టినా తమ్ముడా" అంటుంది. ఆ మాట విన్నాక మామ అన్నం ముట్టడు. తాడును జానెడు జానెడు వంచి చూస్తాడు, పళ్ళతో కొరికి చూస్తాడు, చివరిదాకా చూసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. గట్టు మీద చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, చివర తన నడుముకు కట్టుకుంటాడు. గట్టు అంచున తాడు రాతికి ఒరుసుకోకుండా గోనెపట్టా మడిచి పెట్టి, అది వేలెడు జరిగినా సర్దుతాడు. నాయన కింద ఉన్నంతసేపూ చెమటలు కారుస్తూ "బావా, ఉన్నావా? బావా, ఉన్నావా?" అని పిలుస్తూనే ఉంటాడు. నాయన కిందినుంచి విసుక్కునేవాడు, ఉన్నా గాని నన్ను పని చేసుకోనీరా అని.

కుందేలు చేతికి తాడిచ్చి ఎట్లా దిగుతావురా అని పెంటలో వాళ్ళు నాయన్ని ఎగతాళి చేసేవాళ్ళు. నాయన ఒకటే మాట అనేవాడు.

"పులిలాంటోడు పైన ఉంటే నాకు చేతులాడవు. నాకు కుందేలే కావాల."

పోయిన చలికాలంలో తమ దేవుడి మాట చెప్పే మిషన్ వాళ్ళు వచ్చారు. మా పెంటకు బండి దారి లేదు. సామాన్లు మనుషుల నెత్తిన వచ్చాయి. చెలమ పక్కన తెల్ల గుడారాలు లేచాయి. మొదట జ్వరం మాత్రలు ఇచ్చారు, పిల్లలకు బిస్కెట్లు ఇచ్చారు. తరువాత ఇప్పచెట్టుకు మైకు కట్టారు. పొద్దున్నే ఆ మైకులోంచి పాటలు వచ్చేవి. అడవిలో పొద్దున ఏ పిట్ట ఎక్కడ అరిచిందో విని దారి ఎంచుకునేవాళ్ళం మేం. ఆ పాటల కింద పిట్టలు వినపడటం మానేశాయి.

వాళ్ళు మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జాలిపడ్డారు. మీరు రాళ్ళకూ చెట్లకూ భయపడి బతుకుతున్నారు, మా దేవుడు మీకు ఆ చెర తప్పిస్తాడు అన్నారు. మైసమ్మ పేరు చెబితే, ఒంటి మీద పుండు చూసినట్టు చూసేవాళ్ళు. అడవిపంది పడితే మా పెంటలో ప్రతి పొయ్యికీ వాటా పోతుంది. మైసమ్మకు చూపించిన మాంసం తినకూడదని వాళ్ళు చెప్పాక సగం పొయ్యిలు వాటా వద్దన్నాయి. ఆ రోజు మంతన్న తాత మోదుగాకు దొప్పలు చేత పట్టుకుని ఒక గుడిసె ముందు నిలబడి, ఇంకో గుడిసె ముందు నిలబడి, దొప్పలు దొప్పలుగానే వెనక్కి తెచ్చాడు. వాటా తీసుకోనివాళ్ళలో ఆయన కొడుకు కూడా ఉన్నాడు. దీన్ని వాళ్ళు విముక్తి అన్నారు.

ఆ గుడారాలకు పెద్ద డాక్టర్ దయాసాగర్. కోస్తా మనిషి. మెత్తగా మాట్లాడేవాడు, పుండు కడగడానికి తానే నేల మీద కూర్చునేవాడు. అందుకే ఆయన్ని ద్వేషించడం నాకు చాలా రోజులు చేతకాలేదు.

నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది పూర్తిచేసి సెలవులకు వచ్చాను. మా మాటలు కొన్ని వాళ్ళకు తెలియవు, వాళ్ళవి కొన్ని మావాళ్ళకు తెలియవు. చదువుకున్నదాన్నని మధ్యలో చెప్పడానికి నన్ను పిలిచారు. నలుగురిలో నోరు పెగలని నన్ను. నేను నర్సు రూతమ్మ చెవిలో చెప్పేదాన్ని, ఆమె అందరికీ వినపడేలా చెప్పేది. మిగిలిన సమయం సీసాలు కడిగేదాన్ని.

చుక్కల సంగతి అక్కడే తెలిసింది. గుడారంలో ఒక సన్నటి రేకు, దానికి కలిపిన తెర ఉండేవి. రేకు మీద అరచెయ్యి ఆనిస్తే తెర మీద పచ్చగీత పాకుతుంది. గుండె ఉలిక్కిపడితే గీత ఎగురుతుంది. డాక్టరయ్య మొదట నా చేతినే పెట్టమన్నాడు. మైకు పెట్టె లోంచి పులి గాండ్రింపు వినిపించి గీత ఎగరడం చూపించాలని ఆయన అనుకున్నాడు. గుడారంలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. పులి ఇంకా అరవకముందే నా గీత తెర పైఅంచుకు కొట్టుకుంది.

"నీకు పులి అక్కర్లేదు పుల్లమ్మా, మనుషులు చాలు" అని నవ్వాడు డాక్టరయ్య.

మనిషి తలలో ఇప్పగింజంత ముడి ఒకటి ఉంటుందట. భయం పుట్టేది అక్కడే. ఆయన కనిపెట్టిన చుక్కలు ముక్కులోంచి ఆ ముడిదాకా పోయి దాన్ని నిద్రపుచ్చుతాయి. ప్రాణం మీదికి రాదు, మత్తు ఉండదు, తొలకరికల్లా దాని బలం తగ్గిపోతుంది, అప్పటికి మనిషికి ధైర్యం అలవాటవుతుంది అని చెప్పాడు. ఆయన లెక్కలో మా దేవుళ్ళంటే భయమే, ఇంకేమీ లేదు. భయం తీసేస్తే మైసమ్మ దానంతటదే రాయి అయిపోతుంది. అందుకే చెలమలో ముంచి పేరు మార్చే రోజునే చుక్కలు కూడా వేసేవాళ్ళు.

మామ తనంతట తానే పోయాడు. నాయన వద్దన్నాడు గాని గట్టిగా అనలేదు. నలభై ఏళ్ళ మనిషిని పిల్లలు ఆకులు గలగలలాడించి చెట్టెక్కిస్తుంటే చూడటం ఆయనకూ కష్టంగానే ఉండేది. మామను నీళ్ళలో ముంచి యెహోషువ అని పేరు పెట్టారు.

"ఈ పేరు పిలిచి ముగించేలోపల పులి తినేసి నోరు కడుక్కుంటది" అన్నాడు మంతన్న తాత.

ఆ మరునాడే ఇప్పపూల కోసం ఎలుగుబంటి పెంట దగ్గరికి వచ్చింది. అందరూ గుడిసెల్లో దూరారు. మామ నడిచి వెళ్ళి, దాని ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. అది కాసేపు చూసి తిరిగి పోయింది. పెంటంతా బయటికి వచ్చి నవ్వింది. మామ ఛాతీ ఎత్తి నిలబడి నవ్వాడు. ఆయన్ని అలా చూడటం అదే మొదలు. నాకూ సంతోషం కలిగింది. దాన్ని దాచను.

తరువాత రూతమ్మ దగ్గర కట్లు కట్టే గాజుగుడ్డ అయిపోవడం మొదలైంది.

చుక్కలు వేయించుకున్నవాళ్ళు పొయ్యి మీది కుండను ఉత్త చేతులతో దించేవాళ్ళు. ముళ్ళకంపలో నేరుగా నడిచేవాళ్ళు. ఒకామె తన బిడ్డ వాగు అంచుకు పాకుతుంటే చూస్తూ, తల దువ్వుకుంటూ కూర్చుంది. రూతమ్మ పరుగెత్తి ఎత్తుకుంది. ఎందుకు లేవలేదమ్మా అని అడిగితే, లేద్దామనుకుంటున్నా అంది ఆమె. అబద్ధం కాదు. నిప్పు కాలుతుందని వాళ్ళకు తెలుసు, నీళ్ళు ముంచుతాయని తెలుసు. తెలిసినా చెయ్యికి తొందర లేదు. రూతమ్మ డాక్టరయ్యకు చెప్పింది. నడక నేర్చే బిడ్డ రెండుసార్లు పడుతుంది సిస్టర్, వీళ్ళు ఇప్పుడు తెలివితో జాగ్రత్తపడటం నేర్చుకుంటారు అన్నాడాయన. రూతమ్మ తల వంచుకుని కట్లు కట్టింది.

వేసవి ముదిరింది. డేగగట్టు మీద పట్లు బరువెక్కాయి. నాయన కొత్త తాడు పేనడం మొదలుపెట్టాడు.

అదే రోజుల్లో పట్నం నుంచి మిషన్ పెద్దలు కెమెరాలతో వచ్చారు. వాళ్ళ ముందు మామ చెయ్యి రేకు మీద పెట్టించి పులిని అరిపించారు. పచ్చగీత చెలమ నీళ్ళలా కదలకుండా ఉంది. అందరూ చప్పట్లు కొట్టి ప్రార్థన చేశారు. వాళ్ళు భోజనానికి వెళ్ళాక మామ అక్కడే చెయ్యి తియ్యకుండా కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. నేను సీసాలు తుడుస్తున్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"మామా, నాయన తాడు మీద ఉన్నాడనుకో. తాడు తెగుతోంది."

మామ నమలడం ఆపి ఆలోచించాడు.

"అయ్యో, పడిపోతాడు గదనే" అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు.

గీత కదలలేదు.

ఆయన చెయ్యి తీయించి నా చెయ్యి పెట్టాను. ఆ మాటే నాలో నేను అనుకున్నాను. గీత తెర దాటిపోయింది.

అంతవరకూ నేను డాక్టరయ్యతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం ఆయన ముందు నిలబడి, తల ఎత్తకుండా, తాడు సంగతి చెప్పాను. మామకు చుక్కల బలం విరిచే మందు ఇవ్వమన్నాను. అలాంటి మందు లేదన్నాడు. ఓపికగానే విన్నాడు.

"ప్రేమ వేరు, భయం వేరు తల్లీ. నేను తీసింది భయాన్నే. బావ మీద ప్రేమ ఉన్నవాడు తాడు వదులుతాడా?"

నాకు జవాబు తెలుసు. నోటికి రాలేదు. వదలడు, కాని గోనె సర్దడు అని చెప్పాలి. ఆయన నా వణుకు చూసి జాలిపడ్డాడు. చిన్న సీసా తీసి నా అరచేతిలో పెట్టాడు.

"నీ సిగ్గు కూడా భయమే. ఇవి వేసుకో. ఎవరితో ఏం చెప్పాలనుకున్నా గలగలా చెప్పేస్తావు."

ఆ సీసా పట్టుకుని ఇంటికి నడిచాను. వేసుకుంటే పెంటంతా వినేటట్టు చెప్పగలను. నిజమే. కాని చెప్పాలని నన్ను తరుముతున్నది ఆ భయమే కదా. అది పోయాక మామ పక్కన కూర్చుని నేనూ బిస్కెట్లు తింటానేమో. సీసా మూత విప్పలేదు.

నాకు వచ్చినట్టుగానే అమ్మకు చెప్పాను. అమ్మ నా మూతి మీద కొట్టింది. తమ్ముడు ఉండగా తాడు ఇంకొకరికి ఇవ్వడమంటే తమ్ముడు చచ్చాడని చాటడమే. ఇన్నేళ్ళు పట్టినవాడు ఇప్పుడు పట్టలేడా అంది. నాయనకు చెప్పాను. ఆయన తాడు పేనుతూ విన్నాడు, నవ్వలేదు. ఇంకో పురి కలిపి పేనాడు.

"ఈదిగాని భయం నాకు తెల్సు. నీళ్ళ చుక్కకు పొయ్యేది గాదు. ఎలుగు ముందర ఏమో గాని, నేను తాడు మీదికి పోతే వాని కాళ్ళు వణకాల్సిందే, చూడు" అన్నాడు.

మామ పిరికితనం మీద అంత నమ్మకం మా నాయనకు. ఆ నమ్మకం మీదే ఆయన గట్టు దిగాడు.

తేనె తీసే రోజు పొద్దున అమ్మ తాడు ఇచ్చి, పూసలు తాకి ఆ మాట అంది. మామ సరే అక్కా అని తాడు భుజాన వేసుకుని, సంకటి పెట్టమని అడిగాడు. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు. నాయన ఆయన వైపు చూశాడు. అలవాటు ప్రకారం తాడును ఒకసారి చూశాడు మామ, పళ్ళు పెట్టలేదు. గట్టు మీద చెట్టుకు చుట్టు వేశాడు, చివర నడుముకు కట్టాడు, గోనె మడిచి అంచున పెట్టాడు. చేయాల్సినవన్నీ చేశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మిషన్ వాళ్ళు పేరు మార్చారు గాని ఆయన చేతులు పాతవే. అదే మమ్మల్ని మోసం చేసింది.

తేనె తీసేటప్పుడు ఆడవాళ్ళు గట్టు అంచు దాకా రాకూడదు, దూరాన చెట్ల కిందినుంచే చూడాలి. నేను వెళ్ళాను. నన్ను లాక్కుపోవడానికి అమ్మ నా వెనకే వచ్చి, వచ్చాక పోలేక నిలబడింది.

నాయన దిగాడు. పొగ లేచింది. ఈగలు మబ్బులా లేచి లోయలోకి పోయాయి. కొండ మీద చాలాసేపు ఎవరి గొంతూ లేదు. ఎప్పుడూ వినే మాట వినపడకపోతే చెవుల్లో గాలి ఊదినట్టుంటుంది. చివరికి ఆ మాట కిందినుంచి వచ్చింది.

"ఈదిగా, ఉన్నావా?"

పదిహేనేళ్ళలో నాయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఆ, ఉన్నా బావా" అన్నాడు మామ. తాడు పట్టుకుని ఎదురుగా ఉన్న కొండల మీద ఎండను చూస్తున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఆ ముఖాన్నే పట్నం వాళ్ళు కెమెరాలో తీసుకుపోయారు.

గోనె జరిగింది. తాడు రాతి మీద పడింది. నేను చూశాను.

"మామా, గోనె" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"జరిగింది. చూసినాలే" అన్నాడు మామ. పట్టు తేనెతో బరువెక్కిన బుట్టతో నాయన కింద ఊగుతున్నాడు, తాడు రాతి మీద అటూ ఇటూ ఒరుసుకుంటోంది. మామ అంచు వైపు వంగి చూశాడు. వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు.

"ఒక పురి తెగింది."

అప్పుడు నేను అరిచాను. మాటలు కావు, ఉత్త అరుపు. కొండకు తగిలి తిరిగి వచ్చింది. అమ్మా నేనూ తాడు మీద పడ్డాం. మామ లాగడం మొదలుపెట్టాడు. రోజూ ఎలా లాగుతాడో అలానే, చెయ్యి మీద చెయ్యి, తడబాటు లేకుండా. తొందరగా లాగమని అమ్మ ఆయన వీపు మీద గుద్దుతోంది. తొందరపడితే ఇంకా తెగుతది అక్కా అన్నాడు. అదీ నిజమే కావచ్చు. కాని పాత మామ అయితే పురి తెగేదాకా రానిచ్చేవాడు కాదు.

కిందినుంచి నాయన గొంతు వచ్చింది, ఆశ్చర్యంగా, కాస్త నవ్వుతో.

"అరిచింది మన పుల్లేనా?"

గట్టు అంచున ఆయన వేళ్ళు కనిపించాయి. తేనెతో మెరుస్తున్నాయి. తరువాత మా చేతుల్లో తాడు బరువు లేకుండా అయిపోయింది. మేం ముగ్గురం వెనక్కి పడ్డాం.

మాలో తాడు మీద పోయిన మనిషిని పూడ్చేటప్పుడు ఆ తాడు సగం ఆయనతో గుంటలో పెడతారు. మిగిలిన సగం పట్టినవాడు మళ్ళీ తేనె కాలం దాకా నడుముకు కట్టుకుని తిరగాలి. మామ తాడు కోశాడు, గుంటలో దిగి నాయన పక్కన చుట్టగా సర్దాడు, పైకి వచ్చి మిగిలింది కట్టుకున్నాడు. ముడి ఒక్కసారికే చక్కగా పడింది. అమ్మ ఆయన చేతుల వంకే చూస్తోంది. అప్పటిదాకా ఏడ్చిన అమ్మ ఏడుపు ఆపి, మెల్లగా అడిగింది.

"ఒక్కసారి ఆ చేతులు వణికించరా తమ్ముడా."

మామ చేతుల వైపు చూసుకున్నాడు. ప్రయత్నించాడు కూడా. "బాధ ఉందక్కా. లోపల చానా ఉంది. ఇవే వినడం లేదు" అన్నాడు.

డాక్టరయ్య వచ్చాడు. పెంటంతా అక్కడే ఉంది, ఆయన పాట వినేవాళ్ళూ వినని వాళ్ళూ. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాడు పాడయి ఉంటుంది, ఇది ఎవరి తప్పూ కాదు అన్నాడు. నాయన ఆత్మ కోసం ప్రార్థన చేస్తానన్నాడు. మంతన్న తాత వద్దన్నాడు. అయినా ఆయన పోలేదు. అమ్మ ముందు కూర్చుని, ఇకమీద నీకు ఒంటరిగా బతకాలంటే భయంగా ఉంటుంది, చుక్కలు వేస్తే మనసు నెమ్మదిస్తుందమ్మా అన్నాడు. గుంట మీద మట్టి ఇంకా తడిగా ఉంది.

అమ్మ అంతవరకు ఆ మనిషితో మాట్లాడి ఎరగదు.

"నా మొగుడు పాయె. నా తమ్ముడు ఉండి గూడ పాయె. నాకు మిగిలింది ఆ భయమే. అది గూడ పట్టకపోతావా అయ్యా?"

నేను లేచి వెళ్ళి, కొంగున కట్టుకున్న సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. రేకు మీద చెయ్యి లేకపోయినా నా గీత ఎక్కడ ఉందో నాకు తెలుస్తోంది. మూత విప్పలేదని ఆయన చూశాడు. వేసుకోలేదా అని అడిగాడు.

"లేదు. వేసుకుని ఉంటే అరిచేదాన్ని కాదు."

మాట వణికింది. అయినా చివరిదాకా వచ్చింది. ఆయన రూతమ్మ వైపు చూశాడు. రూతమ్మ నేలను చూస్తోంది.

కొన్నాళ్ళకు గుడారాలు లేచిపోయాయి. చేసిన పని పూర్తయిందని పోయారో, ముఖం చెల్లక పోయారో నాకు తెలియదు. పోతూ పోతూ మమ్మల్ని మన్నించామన్నారు. దేనికో చెప్పలేదు. మైకు తీగ ఇప్పచెట్టుకు ఇంకా వేలాడుతోంది. పొయ్యిల మధ్య వాటాలు మళ్ళీ మొదలయ్యాయి గాని అన్ని గుడిసెలకూ కాదు. తొలకరి వచ్చింది. చుక్కల బలం తగ్గుతుందన్న తొలకరి. వాగులు నిండి పారుతున్నాయి, ఆ బిడ్డ తల్లి అంచున కూర్చుని తల దువ్వుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ బిడ్డను కాయడం పెంటలో వంతుల వారీ పని.

మిషన్ ఇప్పుడు వాగు అవతల ఏనుగురాళ్ళ పెంటలో దిగిందని విన్నాం. అక్కడా గట్టు ఉంది, పట్లు ఉన్నాయి, బామ్మర్దులు ఉన్నారు. వాగు తగ్గగానే మంతన్న తాతా, నేనూ, మామా నడిచి పోతున్నాం. చెప్పాల్సింది నేనే అని తాత తేల్చేశాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు నిలబడాలన్న తలపుకే నా కాళ్ళు ఇప్పటినుంచే నీరవుతున్నాయి. అదే మంచిది, చూస్తే నమ్ముతారు అన్నాడు తాత.

మామ పొద్దున్నే లేచి డేగగట్టుకు పోతాడు. నడుముకు ఆ సగం తాడు. ఆయన పడిపోతాడని అమ్మ నన్ను తోడు పంపుతుంది. అంచున నిలబడి, నాయన పడిన చోటు వైపు చూస్తూ చాలాసేపు ఉంటాడు. తరువాత రెండు చేతులూ నా ముందు చాపుతాడు.

"చూడవే పుల్లీ. వణుకుతున్నాయా?"

రోజూ లేదనే చెబుతున్నాను. ఇవాళ కూడా అవి రాయిలా ఉన్నాయి. కింద లోయలో నీళ్ళ హోరు వినిపిస్తోంది. అంచుకు అంత దగ్గరగా నిలబడటం నాకు చేతకాదు, ఒళ్ళంతా వణుకుతోంది. మామ నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నా రెండు చేతులూ ఆయన చేతుల కింద పెట్టి పట్టుకున్నాను.

నా వణుకుకు ఆయన వేళ్ళు కదిలాయి. మామ వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకొంచెంసేపు పట్టుకో" అన్నాడు.